శనివారం స్త్రీల కూడిక

మిషన్ ట్రిప్పు అంటే జెలీపా వరకూ పొగే. ఏ దేశం సరిహద్దు దాటినా, ఏ ఊళ్ళో దిగినా, బస్సు ఇంజను చల్లబడకముందే ఎవరో ఒకరు వచ్చి "ఆంటీ, పొయ్యి ఎక్కడ పెట్టుకుంటారు?" అని అడుగుతారు. మిగతావాళ్ళంతా చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి, ప్రయాణం క్షేమంగా జరిగినందుకు ప్రభువుకి స్తుతులు చెల్లిస్తుంటే, ఆమె ఒక కన్ను మూసి ఆమెన్ అంటూ, రెండో కంటితో పొయ్యికి పనికొచ్చే మూడు రాళ్ళకోసం చుట్టూ వెతుకుతుంది.

ఈసారీ అంతే అయింది. జాంబియాలోని కిట్వె నుంచి సంఘం బస్సులో బయల్దేరి, సరిహద్దు దాటి మొజాంబిక్‌లోకి వచ్చి, ఎర్రమట్టి దారుల్లో ఒళ్ళు హూనం చేసుకుని ఈ ఊరు చేరారు. చర్చికి కప్పు వెయ్యాలి, పగలు పిల్లలకి పాటలు నేర్పాలి, సాయంత్రాలు కూడికలు పెట్టాలి. వారం రోజుల పరిచర్య. అక్టోబరు నెల, వానలింకా పడలేదు, బడి వెనక చెట్టు నీడ కూడా కాలుతూనే ఉంది. యాభై దాటిన జెలీపా ఆ నీడలో పొద్దున గంజి కాచింది, మధ్యాహ్నం సంకటి కెలికింది, రాత్రికి మళ్ళీ సంకటి కెలికింది. కప్పు మీదికి రేకులు మోసి దిగిన కుర్రకారుకి ఎంత పెట్టినా కంచాలు ఖాళీ. రెండు చేతులతో తెడ్డు పట్టుకుని ఒంటి బరువంతా దాని మీద వేస్తే తప్ప సంకటి గట్టిపడదు. మూడో రోజుకి ఆమె భుజాలు ఆమె మాట వినడం మానేశాయి.

అయినా ఈసారి ఆమె గొణుక్కోలేదు. బయల్దేరే ముందు పాస్టర్ కపాంబ్వె, ఆమె యూనిఫారాలు కుట్టే చోటికే వచ్చి, కుట్టుమిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "అమ్మా, ఈసారి శనివారం స్త్రీల కూడికలో వాక్యం మీది. ప్రసంగం మీరే చెయ్యాలి. ఆ ఊరి భాష మీ పుట్టింటి భాషే కదా. నేను ఇంగ్లీషులో మొత్తుకోవడం, మీరు తిప్పి చెప్పడం, ఎందుకదంతా?" అన్నాడు. ఆమె కాలు తొక్కుడుపలక మీద అలాగే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె పాస్టర్ల పక్కన నిలబడి వాళ్ళ మాటలు మోసింది. వాళ్ళు గొంతు పెంచితే పెంచింది, కళ్ళు తుడుచుకుంటే తుడుచుకుంది. అందులో తనదంటూ ఒక్క ముక్క లేదు. ఒక్కసారి, ఒక్క అరగంట, తన నోటితో తన మాట చెప్పుకోవాలని ఆమెకి ఎంత ఆశ ఉందంటే, ఆ ఆశ చూసి ఆమెకే సిగ్గేసేది. ఆ రోజు కోసం తెల్ల జాకెట్టు ఒకటి కుట్టుకుని, మడత నలక్కుండా బట్టల సంచీలో అన్నిటికంటే పైన పెట్టుకుంది.

జొవాకినా అవ్వ మొదటి రోజే తగులుకుంది. సంఘం తెచ్చిన గిన్నెలు ఏ మూలకీ చాలవని తేలాక, ఆ ఊరి సంఘపెద్ద బెర్నార్దు వెళ్ళి ఆవిడ దగ్గర పెద్ద సత్తు గిన్నె అరువు తెచ్చాడు. గిన్నె వెనకే ఆవిడా వచ్చింది. పైవాళ్ళ చేతుల్లో దానికి ఏ సొట్ట పడుతుందోనని ఆవిడ బెంగ. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే కర్ర పొడుచుకుంటూ రావడం, పొయ్యికి ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చోవడం.

"మీ దేశంలో పొయ్యిలు లేవా?" అంది బుధవారం నాడు.

"ఉన్నాయి అవ్వా."

"మరి ఇంత దూరమొచ్చి ఇక్కడ కెలుకుతున్నావే?"

"దేవుడి పని కదా."

"దేవుడి పని ఆ కప్పెక్కినవాళ్ళు చేస్తున్నారు. నువ్వు చేసేది నేను పుట్టినప్పట్నుంచీ చేస్తున్న పనే. నాకెవరూ బస్సు పెట్టలేదు."

జెలీపా నవ్వింది. ఆ ట్రిప్పులో ఆమెని నవ్వించిన మనిషి ఆవిడొక్కతే. ఇద్దరూ గుమ్మడాకుల కాడల నుంచి నార లాగుతున్నారు. ముసలిదాని వేళ్ళు వంకర్లు తిరిగిపోయినా, నార మాత్రం ఒక్క లాగుడుకి చివరిదాకా వచ్చేది. జెలీపా లాగింది సగంలో తెగేది.

"శనివారం ఆడవాళ్ళ కూడికలో నేనే మాట్లాడేది," అంది జెలీపా, ఆకుల మీంచి తలెత్తకుండా.

"నువ్వా? ఏం మాట్లాడతావు?"

"నా సాక్ష్యం. మా ఆయన పోయినప్పుడు దేవుడు నన్నెలా ఆదుకున్నాడో అదీ."

"మొగుడు చచ్చిన కథ చెప్పడానికి సరిహద్దు దాటావా? ఇక్కడ మొగుళ్ళు చావట్లేదని ఎవరు చెప్పారే నీకు?"

జెలీపా మొహం చిన్నబోయింది. అవ్వ అది చూసింది. "సర్లే, మూతి ముడవకు. చెప్పు, నా ముందు చెప్పి చూసుకో. నాకు మాత్రం ఏం పనుంది గనక," అంది.

జెలీపా చుట్టూ చూసింది. ఎవరూ లేరు. చేతులు నడుముకి చుట్టుకున్న చితెంగె గుడ్డకి తుడుచుకుని, లేచి నిలబడింది. "మా ఆయన పోయిన రోజున మా వీధిలో ఏ ఆడదీ తన ఇంట్లో పొయ్యి వెలిగించలేదు," అని మొదలుపెట్టింది. "అందరూ పిండి మూటలు నెత్తిన పెట్టుకుని నా గుమ్మంలోకి వచ్చారు. కట్టెలు తెచ్చారు, నీళ్ళు మోశారు. నన్ను లేవనివ్వలేదు. ఆ పిండి మూటల్లో నాకు దేవుడు కనిపించాడు." అలా చివరిదాకా చెప్పింది. చెప్పడం అయ్యాక చూస్తే అవ్వ కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకుంది.

"ఏం కూర?" అంది అవ్వ, కళ్ళు మూసుకునే.

"ఆఁ?"

"ఆ చావుకి. కూర ఏం వండారు?"

"బీన్సు."

"ఉప్పు సరిపోయిందా?"

"ఆ రోజు నాకు రుచులు తెలిశాయా అవ్వా?"

"ఎందుకు తెలీవు? మా ముసలాయన పోయినప్పుడు ఎవత్తో రెండుసార్లు వేసింది ఉప్పు. ఏడుస్తూ తిన్నాను, తింటూ దాన్ని తిట్టుకున్నాను. ఇప్పటికీ నోట్లో ఉన్నట్టే ఉంటుంది. నీ కథలో అదొక్కటే లేదు. అది పెట్టు, ఆడాళ్ళు వింటారు."

గురువారం దోమతెరల మూటలు బస్సు పైనుంచి దింపి బడి గదిలో గోడవారగా పేర్చారు. ఆ కబురు ఊరంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. వానలు మొదలైతే ఈ చుట్టుపక్కల పసిపిల్లలు జ్వరాలతో మూలుగుతారు, కొందరు మూలగడం కూడా మానేస్తారు. అందుకని ఆ మూటల కేసి చూసిన ప్రతి తల్లి కళ్ళలోనూ ఆశ కనబడింది.

అవ్వ ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. ఆయాసపడుతోంది. కూర్చోలేదు. "నా కూతురు డెల్ఫీనాకి నెలల పిల్ల ఉంది. పొద్దున లేచేసరికి దాని మొహం నిండా దద్దుర్లే. ఒక్క తెర ఇప్పుడే ఇప్పించు," అంది.

జెలీపా తెడ్డు వదిలేసి పాస్టర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన మెట్టు మీద కూర్చుని అరిచేతుల బొబ్బలకి వ్యాజిలిన్ రాసుకుంటున్నాడు. సుత్తి పట్టడం అలవాటు లేకపోయినా, తానూ కప్పెక్కుతానని పంతం పట్టి ఎక్కిన మనిషి. ఆమె చెప్పింది మొత్తం విన్నాడు.

"ఒకటిస్తే పదిమంది వస్తారమ్మా. కిందటేడు ఏమైందో మీకు తెలుసుగా. తెరలు ముందు పంచాం. వాక్యం మొదలుపెట్టేసరికి డేరాలో బెంచీలు మాత్రం మిగిలాయి. శనివారం కూడికయ్యాక, కూర్చున్న ప్రతివాళ్ళకీ ఇద్దాం. రెండు రోజులేగా."

కిందటేడు సంగతి నిజమే. ఖాళీ బెంచీల ముందు ఆయన గొంతు చించుకుంటుంటే ఆ మాటలు తిప్పి చెప్పింది ఆమే. ఇంకో నిజం కూడా ఉంది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు. తెరలు ఇప్పుడే ఇచ్చేస్తే శనివారం తన ముందు ఎవరు కూర్చుంటారన్న ఆలోచన ఆమెకీ వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, కానీ ఆలోచన పోలేదు. ఇంకోసారి అడగకుండానే వెనక్కి వచ్చేసింది.

"శనివారం ఇస్తారట అవ్వా. కూర్చున్నవాళ్ళకే."

"సరే. శనివారం వస్తాను. నీ కథ ఇంకోసారి వింటాను, తెర పట్టుకుపోతాను. అంతేగా." అవ్వ వంగి, గిన్నె అంచుకి అంటిన మాడుని గోటితో గీకి చూసింది. "దీన్ని బూడిదతో తోమకు. ఇసకేసి తోము," అని చెప్పి, కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయింది.

శుక్రవారం తెల్లారుతుండగా ఊరవతలి ఇళ్ళ నుంచి ఒక ఆడగొంతు లేచింది. దాని మీద ఇంకోటి, ఇంకోటి. జెలీపా అప్పుడే పొయ్యి రాజెయ్యబోతోంది. అది చావు ఏడుపని తెలియడానికి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరిదో తెలియక అగ్గిపుల్ల పట్టుకుని అలాగే వింటూ ఉండిపోయింది. కాసేపటికి బెర్నార్దు టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"జొవాకినమ్మ పోయింది. పడుకున్నది పడుకున్నట్టే పోయింది."

పొయ్యి మీద ఆవిడ గిన్నె, గంజికని పోసిన నీళ్ళతో నిండుగా ఉంది. జెలీపా రెండు చెవులూ పట్టుకుని ఎత్తి నీళ్ళు పారబోసింది. చెట్టు కింద కూర్చుని గుప్పెళ్ళతో ఇసక తీసి, లోపలా బయటా, అంచుల కిందా తోమింది. కళ్ళ నీళ్ళు గిన్నెలో పడుతున్నాయి, ఆమె వాటినీ కలిపే తోమేసింది.

"ఆంటీ, గంజి?" అంటూ వచ్చింది తండీవె. ఫోనులో వీడియోలు తీసే పిల్ల అది. తిరిగి వెళ్ళగానే సంఘానికి చూపించాలని అన్నీ తీస్తుంటుంది.

"చిన్న గిన్నెల్లో కాస్తాను. ఆలస్యమవుతుంది. ఇది వాళ్ళకి కావాలి," అని గిన్నె బెర్నార్దు చేతికిచ్చింది.

ఊరి మగవాళ్ళు కప్పు పనికి రాలేదు. పారలు తీసుకుని సమాధి తవ్వడానికి పోయారు. సంఘం కుర్రాళ్ళు మాత్రం ఎక్కారు. వాళ్ళకి తెలియక కాదు. పట్నంలో పెరిగినా చావుకి ఎలా ఉండాలో వాళ్ళకీ తెలుసు. కానీ ఆదివారం తెల్లారకముందే బస్సు కదలాలి, కప్పు సగమే పడింది. రేకు మీద సుత్తి దెబ్బలు ఊరంతా మోగుతున్నాయి. ఆ మోతల మధ్య ఏడుపు వినిపించి ఆగుతోంది, ఆగి మళ్ళీ వినిపిస్తోంది. జెలీపా వెళ్ళి కప్పు కింద నిలబడింది.

"దిగండి," అంది.

కుర్రాళ్ళు పాస్టర్ కేసి చూశారు. ఆయన సుత్తి కింద పెట్టాడు. "అమ్మ చెప్పింది నిజమే. ఈ పూటకి ఆపుదాం," అన్నాడు. ఆ మాటకి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. మంచివాడే అనుకుంది.

మధ్యాహ్నం పాస్టరు, బెర్నార్దు, మాట తిప్పి చెప్పడానికి జెలీపా, ముగ్గురూ అవ్వ ఇంటికి పోయారు. మగవాళ్ళు మామిడిచెట్టు కింద నేల మీద కూర్చున్నారు. ఇంట్లోంచి ఆడవాళ్ళ పాట సన్నగా వస్తోంది. ఊరిపెద్ద సెవెరినో చెట్టు మొదలుకి ఆనుకుని ఉన్నాడు. బక్కపల్చటి మనిషి, తొందర తెలియని మనిషి. పాస్టరు ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ కలిపి పరామర్శించాడు. అంతవరకూ అంతా మర్యాదగానే జరిగింది.

"సమాధి ఎప్పుడని అడగండమ్మా."

అడిగింది. "రేపు పొద్దున. కొడుకు తెటె పట్నం నుంచి రావాలి," అన్నాడు సెవెరినో.

"రేపు పొద్దున మన కూడిక ఉంది, ఎల్లుండి మనం వెళ్ళిపోతున్నాం. కూడిక అయ్యాక, మధ్యాహ్నం పెట్టుకుంటే వీలవుతుందేమో అడగండి."

జెలీపా తన భాషలోకి ఆ మాట మార్చలేదు. "ఇది అడిగే మాట కాదు పాస్టర్‌గారూ," అంది మెల్లిగా.

"అడిగితే తప్పేముందమ్మా? కాదంటే మానేద్దాం."

కాదని సెవెరినో అనలేడని ఆమెకి తెలుసు. దూరం నుంచి వచ్చిన అతిథి, అందులోనూ చర్చికి కప్పు వేసే అతిథి, ఇంటి ముందు మోకాళ్ళూని అడిగితే, కాదనే పెద్దమనిషి ఈ ప్రాంతంలో పుట్టలేదు. పక్కనుంచి బెర్నార్దు ఆమె కేసి చూస్తున్నాడు. అతనికి మిగిలిన సగం కప్పు కావాలి. ఆమె నోరు తెరిచింది. ఎంత మెత్తగా అడగొచ్చో అంత మెత్తగా అడిగింది.

సెవెరినో చాలాసేపు నేల మీద పుల్లతో గీతలు గీశాడు. "అతిథుల మాట ఎంతసేపుంటుంది గనక. కానివ్వండి," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పాస్టర్ మొహం వెలిగిపోతోంది. "చూశారా, దుఃఖంలో కూడా వాక్యం కావాలంటున్నారు. ఎంత మంచి మనసు."

"ఆయన కాదనలేక సరేనన్నాడు. ఒక పలకరింపులా చెప్పి ముగిస్తారనుకుంటున్నాడు," అంది జెలీపా.

పాస్టర్ ఆగాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అమ్మా, రేపు మాట్లాడేది నేను కాదు, మీరు. ఇంతా అడిగింది మీకోసమే కదా."

ఆ మాట నిజమే. ఆ రాత్రి ఆమె కెలికిన సంకటి ఉండలు కట్టేసింది.

శనివారం పొద్దున ఆమె తెల్ల జాకెట్టు వేసుకుంది. కప్పు పడిన సగం చర్చిలో ఆడవాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు. ఇంచుమించు ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చారు. బెంచీలు వేసి ఉన్నా ఎవరూ వాటి మీద కూర్చోలేదు. నల్లటి గుడ్డలు తలకి బిగించి కట్టుకుని, చావింట్లో కూర్చున్నట్టే నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. బడి గదిలోంచి తెచ్చిన దోమతెరల మూటలు ఒక మూల పేర్చి ఉన్నాయి. తండీవె పాట ఎత్తుకుంటే పెదాలు కదిపారు, గొంతులు కదపలేదు. స్పీకరు ఒక్కటే గట్టిగా పాడింది.

ముందు వరసలో డెల్ఫీనా ఉంది. కళ్ళు వాచిపోయాయి. ఒళ్ళో పసిది, మొహమంతా ఎర్రటి దద్దుర్లు. ఇంట్లో తల్లి శవం ఉండగా ఈమెని ఎవరు లేవనిచ్చారో, ఎలా లేవనిచ్చారో. పక్కనున్న ఆవిడ ఆమె వీపు నిమురుతూ, "కాసేపు ఓర్చుకో తల్లీ. కూర్చున్నవాళ్ళకే ఇస్తారట," అంటోంది.

పాస్టర్ ప్రార్థన చేశాడు, జెలీపా తిప్పి చెప్పింది. పిల్లల చేత పాటలు పాడించారు. సంఘం తరఫున శుభవచనాలు అయ్యాయి. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. గుమ్మంలోంచి చూస్తే అవ్వ ఇల్లు కనబడుతుంది, ఆ ఇంటి పైన పొగ ఉండీ లేనట్టుంది. జెలీపా బతుకంతా పొయ్యిల దగ్గరే గడిచింది. ఆ పొగ చూస్తే చాలు, వంట ఇంకా మొదలవలేదని తెలుస్తుంది. తెటె నుంచి కొడుకు వచ్చే ఉంటాడు. సమాధి తవ్వినవాళ్ళు ఆకలితో ఉంటారు. పక్క ఊళ్ళ వాళ్ళు దిగుతూ ఉంటారు. వండాల్సినవాళ్ళంతా ఇక్కడ కూర్చున్నారు.

"అమ్మా, రండి," అన్నాడు పాస్టర్. తండీవె ఫోను పైకెత్తింది.

జెలీపా నిలబడింది. ఇన్నేళ్ళూ పక్కన నిలబడిన చోట కాదు, నడిమధ్య. "మా ఆయన పోయిన రోజున మా వీధిలో ఏ ఆడదీ తన ఇంట్లో పొయ్యి వెలిగించలేదు," అంది.

ఆడవాళ్ళు తలలెత్తారు. పొద్దుట్నుంచీ మొదటిసారి వాళ్ళు వింటున్నారు. ఆ వినడం ఆమె ఒంటికి తగిలింది. ఇదే, ఈ చూపుల కోసమే ఇన్నాళ్ళూ కాచుకుంది.

"అందరూ పిండి మూటలు నెత్తిన పెట్టుకుని నా గుమ్మంలోకి..."

డెల్ఫీనా ఆమెనే చూస్తోంది. ఆ చూపులో కోపమేమీ లేదు. కథ వినే మనిషి చూపే. తరవాతి మాట జెలీపాకి కంఠతా వచ్చు. కట్టెలు తెచ్చారు, నీళ్ళు మోశారు, నన్ను లేవనివ్వలేదు. అది నోట్లోంచి రాలేదు. నన్ను ఎవరూ లేవనివ్వలేదని, లేపి తీసుకొచ్చిన మనిషితో ఎలా చెప్పడం?

"చెప్పండమ్మా, ప్రభువు సాయం చేస్తాడు," అన్నాడు పాస్టర్ పక్కనుంచి.

జెలీపా మూల ఉన్న మూటల దగ్గరికి నడిచింది. ఒక మూట తాడు పళ్ళతో కొరికి విప్పింది. పైనున్న తెర తీసి తెచ్చి డెల్ఫీనా ఒళ్ళో, పసిదాని పక్కన పెట్టింది.

"లేవండి," అంది అందరితోనూ. "అవ్వ దగ్గరికి పోదాం పదండి. మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టడం తప్పు. ఆ తప్పులో నేనూ ఉన్నాను. తలా ఒక తెర తీసుకుని పదండి, నేనూ వస్తున్నాను."

మాటలు పాస్టర్‌కి అర్థం కాకపోయినా, జరుగుతున్నది అర్థమైంది. దగ్గరికి వచ్చాడు. "అమ్మా, వాక్యం ఇంకా మొదలేకాలేదు."

"అయిపోయింది పాస్టర్‌గారూ. వాక్యం నాదేనన్నారుగా. అయిపోయింది."

ఆడవాళ్ళు లేస్తున్నారు. ఎవరూ తోసుకోలేదు. మూటల పక్కనుంచి నడుస్తూ ఒక్కొక్కరూ ఒక్కో తెర తీసి చంకలో పెట్టుకుని ఎండలోకి పోతున్నారు. తండీవె ఫోను ఎప్పుడు దించిందో దించేసింది. పాస్టర్ ఆ వరస మొత్తం పోయేదాకా గుమ్మం పక్కన నిలబడ్డాడు. తరవాత, "ఇంకెప్పుడూ నేను మీకు వాక్యం ఇవ్వలేనమ్మా," అన్నాడు.

"తెలుసు," అంది జెలీపా.

ఏడుపొచ్చింది. అవ్వ కోసమో, చేజారిన తన అరగంట కోసమో ఆమెకే తెలియలేదు. సంఘం సామానులోంచి పిండి బస్తా ఒకటి లాగి నెత్తికెత్తుకుంది. తెల్ల జాకెట్టు భుజాల మీద పిండి రాలింది.

అవ్వ ఇంటి దగ్గర ఆమెని ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. బస్తా దింపుకున్నారు, చేతికి తెడ్డిచ్చారు. పొయ్యి మీద అవ్వ గిన్నే ఉంది. వారం రోజులుగా కెలికిన చేతులే మళ్ళీ కెలికాయి. నొప్పి ఏమీ తగ్గలేదు. పక్కన బీన్సు ఉడుకుతున్నాయి, వచ్చిన ప్రతి ఆడదీ మూత తీసి చూసి, ఏదో ఒకటి వేసి పోతోంది. ఇంటి పైన పొగ ఇప్పుడు దట్టంగా లేచింది.

పొద్దు వాలకముందే అవ్వని తీసుకుపోయారు. పాస్టరు, కుర్రాళ్ళు కూడా వచ్చారు. కొడుకు రెండు మాటలు మాట్లాడి, ఆపైన మాట్లాడలేకపోయాడు. బెర్నార్దు సంఘం తరఫున ప్రార్థన చేశాడు. చేశాక సెవెరినో చెవిలో ఏదో చెప్పాడు. పాస్టరు కాలరు సర్దుకుని ముందుకొచ్చాడు. సమాధి దగ్గర అతిథుల మాటగా ఒకరు నాలుగు ముక్కలు చెప్పడం అక్కడి ఆనవాయితీ, చెప్పాల్సింది ఆయనే కదా.

సెవెరినో కర్ర మీద ఆనుకుని చెయ్యెత్తాడు. "కూర్చోండి అయ్యా. మీరు శ్రమపడక్కర్లేదు. అతిథుల మాట పొద్దునే వచ్చింది. ఆ తల్లి చెప్పింది, మేం విన్నాం. మాకు చాలు."

పాస్టర్‌కి భాష రాదు. అలవాటు ప్రకారం జెలీపా కేసి తిరిగాడు. ఊరంతా కూడా ఆమె కేసే తిరిగింది. ఆమె ఇన్నేళ్ళలో ఎన్నో మాటలు మోసింది గానీ ఇంత బరువైనది మొయ్యలేదు.

"కూర్చోమంటున్నారు పాస్టర్‌గారూ. మన మాట వాళ్ళకి అందిందట."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఏం తగ్గించి చెప్పిందో ఎంతవరకు పోల్చుకున్నాడో తెలియదు. నేల మీద కూర్చున్నాడు. తరవాత మన్ను కప్పేటప్పుడు లేచి, తన వంతు పార అడిగి తీసుకున్నాడు. బొబ్బలు చితికి పార కర్రకి తడి అంటింది. ఆయన తన వంతు పూర్తయ్యేదాకా ఇవ్వలేదు. తండీవె దాన్నీ ఫోనులో పట్టలేదు.

తిరిగొచ్చి అందరూ చేతులు కడుక్కున్నారు. వడ్డనలు మొదలయ్యాయి. జెలీపా గిన్నె ముందు వంగబోతుంటే డెల్ఫీనా వచ్చి ఆమె చేతిలోంచి తెడ్డు లాగేసుకుంది.

"కూర్చో అక్కా. ఎప్పుడనగా తిన్నావో ఏంటో."

"నువ్వు కూర్చోవాలి గానీ."

"కూర్చుంటా. ఇద్దరం కూర్చుందాం."

వారం రోజుల్లో మొదటిసారి జెలీపా నేల మీద కాళ్ళు చాపి కూర్చుంది. పసిది లోపల కొత్త తెర కింద నిద్రపోతోంది. సంకటి తుంచి, బీన్సులో అద్ది, నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని ఆగింది.

"ఏంటి?" అంది డెల్ఫీనా.

"ఉప్పు."

డెల్ఫీనా కూడా ఒక ముద్ద తింది. మొహం ఒకలా పెట్టింది. "రెండుసార్లు వేశారు," అంది. "ఎవత్తో గానీ, రెండుసార్లు వేసింది. అమ్మ ఉంటేనా..."

ఆ మాట సగంలో ఆగిపోయింది. నవ్వు మొదలై ఏడుపులోకి తిరిగింది. జెలీపా ఎడమ చెయ్యి ఆమె వీపు మీద వేసింది.

"చాలా తిట్టేది," అంది. కుడిచేత్తో ఇంకో ముద్ద తుంచుకుంది. ఉప్పు ఎక్కువే. ఆకలి మీద ఉంది, కంచం ఖాళీ చేసింది.